గడ్డి నేలలకు గండి

2024 జులైలో భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల మధ్యకు పొక్లెయిన్లు దిగాయి. ఎన్నో ఏళ్ల కిందట ఒక గృహనిర్మాణ సహకార సంఘానికి దఖలుపడిన భూమిని చదును చేసే పని అది. జనం గొంతెత్తారు, పత్రికలు రాశాయి, అధికారులు వచ్చి పని ఆపించారు. ఆగినందుకు సంతోషమే. కానీ ఆ యంత్రాలు దొంగచాటుగా రాలేదు. కేటాయింపు కాగితం వెంట పెట్టుకునే వచ్చాయి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించిన నేల అది. 2025 సెప్టెంబరులో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకు ఎక్కిన నేల. మన రెవెన్యూ దస్త్రాలకు మాత్రం అది ఇళ్ల స్థలాలకు పనికొచ్చే జాగా. కిలోమీటర్ల పొడవున పరుచుకున్న దిబ్బల్లో రక్షిత పరిధి అంటూ హద్దులు చూపింది 260 చిల్లర ఎకరాలకే. మిగతాదంతా పంచిపెట్టుకోవచ్చు, చదును చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు.

ఆ నేలలో ఏమీ లేదని తీర్మానించిన లెక్కే అసలు నేరం. యంత్రం ఆ లెక్క వెనక వచ్చిన పనిముట్టు. ఈ నేరం దిబ్బలతో ఆగలేదు. విశాఖ చుట్టూ ఉన్న గడ్డి కొండలు, తుప్ప నేలలు, ఊళ్ల మంద బయళ్లు, ఏజెన్సీలో కొండ నెత్తిన ఉన్న గడ్డి మైదానాలు అన్నీ ఆ లెక్కకే బలవుతున్నాయి.

ముందు ఆ దిబ్బల సంగతే చూద్దాం. సముద్రం వెనక్కి తగ్గిన కాలాల్లో బయటపడ్డ ఇసుకను గాలి ఒడ్డుకు మోసుకొచ్చి పోసింది. వేల ఏళ్ల వానలకు, ఎండలకు ఆ రేణువుల మీద ఇనుప తుప్పు పొర కట్టింది. ఆ ఎరుపు అలా వచ్చినదే. వాన నీరు కోసుకుంటూ పోయి లోతైన గెడ్డలు ఏర్పడ్డాయి. ఇలాంటి ఎర్ర ఇసుక మేటలు మళ్లీ తమిళనాడు తేరి నేలల్లోనూ శ్రీలంక తీరంలోనూ కనిపిస్తాయి. రాతియుగం మనిషి చెక్కుకున్న పనిముట్లూ ఇక్కడ దొరికాయి. ఇదంతా పర్యాటక శాఖ బోర్డులు చెప్పే మాటే. ఆ బోర్డులు చెప్పనిది, ఆ ఇసుక మీద బతుకుతున్న పచ్చదనం గురించి. రేణువుకీ రేణువుకీ గట్టి అతుకు లేని ఆ ఇసుకను గాలికీ వానకీ కొట్టుకుపోకుండా పట్టి ఉంచుతున్నది గడ్డి వేళ్లు, తుప్పల వేళ్లు, ఈత బోదెలు. పైపొరను బ్లేడుతో గీకేస్తే, బంగాళాఖాతం పంపే ఒక్క గట్టి వాయుగుండానికే గెడ్డలు కొత్త దారులు తొక్కుతాయి. భూవారసత్వం అని రాళ్ల శాస్త్రవేత్తలు కాపాడమంటున్నదాన్ని ఇన్నాళ్లూ కాపాడుతూ వచ్చింది ఎవరూ పేరు పెట్టి పిలవని ఆ గడ్డీ తుప్పే.

సవానా అనగానే మన పిల్లలకు ఆఫ్రికా, సెరెంగెటి, సింహాలు గుర్తొస్తాయి. పాఠ్యపుస్తకం అలాగే నేర్పింది. గడ్డి నేలను కప్పి ఉండి, చెట్లు విడివిడిగా నిలిచి, ఏడాదిలో కొన్ని నెలలే వాన కురిసి, మిగతా నెలలు ఎండకు మాడే నేల ఎక్కడున్నా సవానాయే. విశాఖకు ఏటా సుమారు 1,100 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో ఎక్కువ భాగం జూన్, నవంబరు మధ్య నైరుతి రుతుపవనాలు, తుపానులు తెచ్చేదే. ఆ తరువాత వేసవి దాకా నేల పొడి. ఆ పొడి నెలల్లో కొండవాలు గడ్డి పసుపెక్కి, ఎండి, ఒక్కోచోట కాలి బూడిదవుతుంది. దారిన పోయేవారికి అది చచ్చిన కొండలా కనిపిస్తుంది. గడ్డి చిగురు మొదలు మట్టిమట్టంలోనే ఉంటుంది కాబట్టి పశువు మేసినా, మంట కాల్చినా తొలకరికి మళ్లీ లేస్తుంది. ఈ నేలల మోదుగ, కరక్కాయ, ఉసిరి చెట్లు మందపాటి బెరడుతో మంటను ఓర్చుకుంటాయి, కాలినా మోడు నుంచి చిగురిస్తాయి. ఎండ ఎంత కాసినా, నీరు ఎంత తగ్గినా ఆహారం వండుకోగల ప్రత్యేకమైన కిరణజన్య సంయోగ పద్ధతి ఈ గడ్డి జాతులది. ఇవి తట్టుకోలేనిది ఒక్కటే: నీడ. పైన చెట్ల గొడుగు కమ్ముకుంటే కింద గడ్డి చస్తుంది. గడ్డి మీద బతికే పురుగు, పురుగు మీద బతికే పిట్ట, పిట్ట మీద బతికే గద్ద వరసగా పోతాయి.

అడవిని మనుషులు నరికేస్తే మిగిలిన శేషమే గడ్డి నేల అని మన అటవీ శాఖల్లో ఇప్పటికీ బలంగా పాతుకుపోయిన నమ్మకం ఒకటుంది. కొన్ని చోట్ల నిజం కావచ్చు. దాన్నే అన్ని చోట్లకూ పులిమేయడం తప్పు. ఉపఖండంలో ఈ గడ్డి జాతులు 70, 80 లక్షల ఏళ్ల కిందటే విస్తరించాయని హిమాలయాల పాదాల దగ్గర శివాలిక్ కొండల పాత మట్టి సాక్ష్యం చెబుతోంది. అప్పటికి గొడ్డలి పట్టే మనిషే పుట్టలేదు. జయశ్రీ రత్నం, ఆమె సహపరిశోధకులు 2011లో ఒక శాస్త్ర పత్రికలో ఇదే మాట గట్టిగా అన్నారు: ఆసియాలో మనం అడవి అని పిలుస్తున్న నేలల్లో చాలా భాగం నిజానికి సవానా, దాన్ని అడవిగా చూస్తే చేసే వైద్యమే తప్పవుతుంది.

ఈ జిల్లా సవానా నేల అనడానికి చరిత్రలో ఒక విషాద సాక్ష్యం ఉంది. 1880లో, విశాఖపట్నంలో గవర్నరు ఏజెంటుగా ఉన్న ఓ.బి. ఇర్విన్ ఒక వేటలో విజయనగరం రాజావారి పెంపుడు చీతా దాడికి చనిపోయాడు. చీతా చేతిలో మనిషి మరణించినట్టు నమోదైన తొలి సంఘటనగా దాన్ని చెబుతారు. ఆ చీతాను ఎక్కడ పట్టి తెచ్చినా, అది పరుగు తీసిన బయలు ఈ జిల్లాదే. దట్టమైన అడవిలో చీతా వేటకు పనికిరాదు. 1952లో దేశంలో చీతా అంతరించిందని ప్రకటించారు. 2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి విమానంలో చీతాలను తెచ్చి కూనో జాతీయ పార్కులో వదిలారు. వేరే ఖండం నుంచి జంతువును తెచ్చుకోవడానికి ఇంత శ్రద్ధ చూపిన దేశం, ఆ జంతువుకు ఇల్లయిన గడ్డి నేలను సొంత లెక్కల్లో ఏమని రాసుకుంటోంది?

బంజరు అని రాసుకుంటోంది. కేంద్ర గ్రామీణాభివృద్ధి మంత్రిత్వ శాఖలోని భూవనరుల విభాగం, హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం కలిసి దేశపు బంజరు భూముల అట్లాసును తయారుచేస్తాయి. తాజాది 2019లో వచ్చింది. తుప్ప నేలలు, క్షీణించిన పచ్చిక బయళ్లు అన్నీ అందులో బంజరు తరగతులే. ఉపగ్రహం పంపిన చిత్రం అబద్ధం చెప్పలేదు. దానికి పేరు పెట్టిన చెయ్యి అన్యాయం చేసింది. మధుసూదన్, అబి వనక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అలాంటి చిత్రాలనే చదివి, దేశంలోని అర్ధశుష్క ప్రాంతాల్లో సహజంగా బయలుగా ఉన్న నేలలు సుమారు 3 లక్షల చదరపు కిలోమీటర్లని, అంటే దేశంలో దాదాపు పదో వంతని తేల్చారు. అందులో అభయారణ్యాల రక్షణలో ఉన్నది 5 శాతం లోపే. బంజరు పద్దులో చేరిన మరుక్షణం ఆ నేల పరిశ్రమకో, సోలారు పార్కుకో, లేఅవుటుకో కేటాయింపు వరసలో నిలబడుతుంది. అడ్డం చెప్పడానికి అటవీ చట్టం రాదు, ఎందుకంటే అక్కడ అడవి లేదు. పర్యావరణ ప్రభావ నివేదికలో ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది.

ఆ ఒక్క వాక్యం చాటున విశాఖలో పోతున్నదేమిటో చెప్పాలి. కరెంటు తీగ మీద కూర్చుని కింది గడ్డిలో మిడతను చూసి రివ్వున దిగే పాలపిట్ట బయలు నేలల పిట్ట. దసరానాడు చూస్తే శుభమని ఊరంతా వెతికే ఆ పిట్ట 2018 వరకు ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి. తీతువు గూడు కట్టదు, గులకరాళ్ల మధ్య నేల మీదే గుడ్లు పెడుతుంది. కౌజుపిట్ట గడ్డి దుబ్బుల అడుగునే కాపురం చేస్తుంది. అలుగు, ఉడుము, నక్క, జంగుపిల్లి కొండ వాలు తుప్పల్లో తిరుగుతూ వేటాడుతాయి. నగరాన్ని ఆనుకుని 71 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న కంబాలకొండను 2002లో అభయారణ్యంగా ప్రకటించారు. పొడి సతత హరిత అడవి, తుప్పలు, మధ్య మధ్య పచ్చిక బయళ్లు కలిసిన చోటని అటవీ శాఖ వివరణే చెబుతోంది. చిరుతలు అక్కడ ఈనాటికీ తిరుగుతున్నాయి. ఆ పచ్చిక ముక్కలు గడ్డితో మిగలాలా, మొక్కలతో నిండాలా అన్న ప్రశ్న ఇంతవరకు ఏ ప్రజాప్రతినిధీ అడిగిన దాఖలా లేదు.

ఎందుకంటే మొక్క నాటడం తప్పు కాగలదన్న ఊహే మన రాజకీయానికి లేదు. గడ్డి నేలను పొక్లెయిన్ ఒకవైపు నుంచి తింటుంటే, ఇంకోవైపు నుంచి మొక్క తింటోంది. పొక్లెయిన్‌ను జనం నిలదీస్తారు. మొక్కను చప్పట్లతో స్వాగతిస్తారు. అందుకే ఈ రెండో దెబ్బే ప్రమాదకరమైనది. రాష్ట్రంలో 50 శాతం పచ్చదనం తెస్తామని ప్రభుత్వాలు ప్రకటిస్తూ వచ్చాయి. ఆ శాతం చెట్ల గొడుగుతో కొలిచేది. పసుపు గడ్డికి అందులో మార్కు లేదు. అడవిని గనికి ఇచ్చేసి, బదులుగా ఇంకెక్కడో ప్రత్యామ్నాయ వనీకరణ చేస్తామంటారు. ఆ ఇంకెక్కడో అన్నది చాలాసార్లు గడ్డి నేలే. కేంద్రం 2023లో తెచ్చిన గ్రీన్ క్రెడిట్ పథకం 2024 ఫిబ్రవరి నాటి విధివిధానాల్లో, తుప్ప నేలలు, బంజర్ల మీద హెక్టారుకు కనీసం 1,100 చెట్లు ఉండాలని రాసింది. సవానాలో విడివిడిగా నిలవాల్సిన చెట్లను హెక్టారుకు 1,100 చొప్పున కిక్కిరిస్తే అక్కడ గడ్డి ఉండదు. ప్రభుత్వమే కొలత పెట్టి చంపడం ఇది.

నాటేది మన మొక్క కూడా కాదు. ఆస్ట్రేలియా తుమ్మ, నీలగిరి, సుబాబుల్, గ్లిరిసీడియా. త్వరగా పెరిగి ఫొటోకు నిండుగా కనిపించేవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గంటకు 180 కిలోమీటర్లకు మించిన గాలితో నగరం మీద పడ్డప్పుడు తురాయి, పచ్చతురాయి లాంటి పరాయి చెట్లు ఏ తీరున కూలాయో విశాఖ కళ్లారా చూసింది. రోడ్లు మూసుకుపోయింది ఆ చెట్లతోనే. కొండ మీది గడ్డి ఆ గాలికి వంగి, తరువాతి వానకు లేచింది. ఆ తుపాను నేర్పిన పాఠం మీద కొత్త లక్షల మొక్కల లక్ష్యాన్ని పేర్చాం.

కార్బన్ మాటకొస్తే, గడ్డి నేల తన నిల్వను ఎక్కువగా మట్టిలోనే దాచుకుంటుంది. పైన మంట రేగినా లోపలిది భద్రంగా ఉంటుంది. తోటలో నిల్వ మానులో ఉంటుంది, కాలినా కొట్టినా పోతుంది. వాతావరణ మార్పు పేరుతో గడ్డిని దున్ని మొక్క పెట్టేవారు ఉన్న నిల్వను తవ్వి పోసి, లేని నిల్వకు పందెం కాస్తున్నారు.

చెట్టు వద్దని ఎవరూ అనరు. బొగ్గు, ఇనుప ఖనిజం దుమ్ము దశాబ్దాలుగా పీలుస్తున్న విశాఖ పాతనగరం జనానికి పోర్టు ప్రహరీ వెంట గుబురైన చెట్లు కావాలి, ఇంకా ఎక్కువ కావాలి. ఉక్కు కర్మాగారం చుట్టూ పెంచిన పచ్చదనం గాజువాకకు ఊపిరి. సీతమ్మధారలో, మర్రిపాలెంలో నడిచేవారికి నీడ కావాలి. చెట్టు కావలసిన చోట దుకాణాల బోర్డుల కోసం కొమ్మలు నరికేస్తూ, అక్కర్లేని కొండ మీద గుంతలు తీయడం దేనికి? కొండ మీద భూమి ఉంది, ఎవరూ అడ్డుపడరు, లక్ష్యం పూర్తయినట్టు కాగితం మీద చూపడం సులువు. ఈ మూడు కారణాలు తప్ప నాలుగోది మాకు కనిపించడం లేదు.

రుషికొండలో ఈ ఆలోచన చివరికి ఎక్కడికి పోతుందో చూశాం. పర్యాటక ప్రాజెక్టు పేరుతో కొండను తవ్వేశారు. ఉల్లంఘనలు జరిగాయని కేంద్ర కమిటీ నివేదించింది. కోసిన వాలు మీద పచ్చటి మ్యాట్లు పరిచారు.

ఏజెన్సీ కథ మరింత పాతది, మరింత పెద్దది. అనంతగిరి, చింతపల్లి, పాడేరు కొండల నెత్తిన బాక్సైటు పొర ఉంది. దాని మీద మట్టి పలచన, అందుకే పెద్ద చెట్లకు బదులు గడ్డి పెరుగుతుంది. ఆ గడ్డి, దాని కింది బాక్సైటు వాన నీటిని పీల్చుకుని ఏడాది పొడవునా గెడ్డలకు విడుస్తాయి. 2015 నవంబరులో జీవో 97 ద్వారా 1,212 హెక్టార్లను తవ్వకాలకు మళ్లించాలని చూస్తే అడ్డం పడి ఆపింది ఆదివాసీలు. 2019లో ఆ అనుమతులు రద్దయ్యాయి. గనిని ఆపిన ఆ పోరాటం గొప్పది. అయితే గని ఆగిన కొండల మీద ఇప్పుడు వేరే పేరుతో పనులు వస్తున్నాయి. పంప్డ్ స్టోరేజి విద్యుత్తుకు కొండపైన ఒక జలాశయం, కింద ఒకటి కావాలి. కొండపైన చదునుగా ఉండేది గడ్డి మైదానమే. వంజంగి మేఘాలు చూడ్డానికి తెల్లవారుజామున ఎక్కే వేల కాళ్ల కింద నలుగుతున్నదీ కొండగడ్డే. పాపికొండల శిఖరాల మీది గడ్డి మైదానాలు 1991, 2014 మధ్య మూడో వంతుకు పైగా తరిగిపోయాయని బెంగళూరుకు చెందిన అట్రీ సంస్థ పరిశోధకులు ఉపగ్రహ చిత్రాలు పోల్చి చూపారు. అవి జాతీయ పార్కు లోపల ఉన్నవి. హద్దు లోపలే అంత పోతే బయట గతి ఊహించుకోవాలి.

కొండచీపురు కోసి కట్టలు కట్టి సంతకు తెచ్చే ఆదివాసీ ఆడపడుచుకు ఆ గడ్డి అంటే చలికాలపు నగదు. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి విశాఖ కేంద్రంగా అటవీ ఫలసాయం కొంటోంది. మైదానంలో గొర్రెల కాపరికి గడ్డి నేల అంటే మంద కడుపు. ఉక్కు కర్మాగారానికి 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన నాటి నుంచి పరవాడ, అచ్యుతాపురం సెజ్‌ల దాకా ఊళ్లు లేచినప్పుడల్లా ఇళ్లకు, పొలాలకు ఎంతో కొంత పరిహారం లెక్కగట్టారు. మంద బయలుకు, మేత పోరంబోకుకు పరిహారం అడిగే హక్కు ఎవరికీ లేదు, ఎందుకంటే అది ఊరందరిది. 2020 జనవరిలో విశాఖ జిల్లాలో పది మండలాల్లో ఇళ్ల పట్టాల కోసం 6,116 ఎకరాల సమీకరణకు జీవో వచ్చినప్పుడూ ఇదే వరస. పేదవాడికి ఇల్లు కావాలి, అందులో రెండో మాట లేదు. ఆ ఇల్లు ఇంకో పేదవాడి మేకల మేతను తీసి ఇవ్వాలా అన్నదే మా ప్రశ్న. ఊరుమ్మడి భూములను కాపాడాలని, ఆక్రమణలు తొలగించాలని 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఆ తీర్పు తరువాత ఉత్తరాంధ్రలో ఎన్ని మేత బయళ్లు తిరిగి ఊరి పేర చేరాయో రెవెన్యూ శాఖ ప్రజల ముందు పెట్టాలి.

ఆలస్యమైతే ఏమవుతుందో తెలియాలంటే రోళ్లపాడు చూడాలి. బట్టమేక పిట్ట కోసం, నేలనెమలి కోసం 1988లో కర్నూలు జిల్లాలో ఆ గడ్డి నేలను అభయారణ్యం చేశారు. కంచె లోపల కాపలా పెట్టారు. కంచె బయట కాలువ నీరు వచ్చింది, జొన్న, కొర్ర పోయి నీటి పంటలు వచ్చాయి, పిట్ట దిగే బీళ్లు పోయాయి. ఆ చుట్టుపక్కల గడ్డి నేలల్లోనే గని, శకునాల గ్రామాల దగ్గర 2017 నాటికి వెయ్యి మెగావాట్ల సోలారు పార్కు లేచింది. మీటరు ఎత్తున నడిచి, గడ్డిలో ఒక్క గుడ్డు పెట్టే బట్టమేక పిట్ట ఇప్పుడు రోళ్లపాడులో కనిపించడం లేదు. నీరు రావడం పాపం కాదు, కరెంటు రావడం పాపం కాదు. ఆ నిర్ణయాలు తీసుకున్న ఏ సమావేశంలోనూ గడ్డి నేలకు కుర్చీ లేకపోవడమే పాపం.

విశాఖకు ఇంకా వ్యవధి ఉంది. వీఎంఆర్డీఏ 2041 మాస్టర్ ప్లానులో కొండలకు, చెరువులకు రంగులున్నట్టే గడ్డి నేలలకూ ఒక రంగు, ఒక నిషేధం ఉండాలి. జీవీఎంసీ, అటవీ శాఖ ఏ కొండ మీదైనా గుంత తీసే ముందు అక్కడ ఇప్పుడు ఏం పెరుగుతోందో వృక్షశాస్త్రవేత్తతో రాయించి ఆ పత్రం బయటపెట్టాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగం ఆ కొండల పక్కనే ఉంది, పిలిస్తే చాలు. రాష్ట్ర ప్రభుత్వం బంజరు అట్లాసు నుంచి సహజ గడ్డి నేలలను తొలగించమని కేంద్రానికి రాయాలి. జిల్లాలోని మేత పోరంబోకుల జాబితా గ్రామ సచివాలయం గోడ మీద కనిపించాలి. ఇక నుంచి మొక్కల పండుగకు మిమ్మల్ని పిలిచి చేతికి మొక్క ఇస్తే, పాఠకులారా, ఒక్క ప్రశ్న అడగండి: ఈ గుంత తీయకముందు ఇక్కడ ఏముండేది?

ఎర్రమట్టి దిబ్బల విషయంలో కొత్త చట్టం కూడా అక్కర్లేదు. జీవవైవిధ్య చట్టం, 2002లోని 37వ సెక్షన్ కింద, స్థానిక సంస్థలతో సంప్రదించి, జీవవైవిధ్య ప్రాధాన్యం ఉన్న ప్రాంతాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిదే. 260 ఎకరాలకు కాదు, దిబ్బలు ఎంత మేర ఉన్నాయో అంత మేరకూ ఆ ప్రకటన రావాలి. గృహనిర్మాణ కేటాయింపులు రద్దు కావాలి, ఆ సభ్యులకు వేరే చోట స్థలాలు ఇవ్వాలి. వచ్చే తొలకరిలోగా ఈ పని పూర్తి చేయాలి.